వార్తాగదిలో కులగణన ఎప్పుడు?

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే చేపట్టి, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు వెల్లడించింది. ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లింలలోని వెనుకబడిన వర్గాలను కూడా కలిపితే బీసీలు 56.33 శాతం అని ఆ లెక్క తేల్చింది. పత్రికలు ఆ అంకెలను పట్టికలుగా వేశాయి. శాసనసభలో ఎవరెందరు, మంత్రివర్గంలో ఎవరెందరు, నామినేటెడ్ పదవుల్లో ఎవరెందరు అన్న చర్చ టీవీ తెరల మీదా, సంపాదకీయ పుటల్లోనూ సాగింది. రానున్న జనగణనలో కుల వివరాలు కూడా సేకరిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించాక ఆ చర్చ మరింత విస్తరించింది. అయితే ఈ చర్చనంతా నడిపిన గది ఒకటుంది. ఏది వార్త, ఏది కాదు, ఏది మొదటి పేజీకి, ఏది జిల్లా పేజీ అడుగుకు అని నిర్ణయించే గది అది. అందులో ఎవరెందరు అన్న ప్రశ్న ఆ పట్టికల్లోకి ఎక్కలేదు.

దళిత రచయితల వ్యాసాలు ఇవాళ తెలుగు పత్రికల్లో రావడం లేదని ఎవరూ అనరు. ఏప్రిల్ 14న వస్తాయి, డిసెంబరు 6న వస్తాయి, నడుమ కూడా వస్తుంటాయి. ఈ వ్యాసం కూడా అటువంటి చోటులోనే అచ్చవుతోంది. కానీ అచ్చు కావడం ఒకటి, అచ్చును నిర్ణయించడం మరొకటి. వ్యాసకర్త అతిథి, వచ్చి తన మాట చెప్పి వెళతాడు. వార్తకు శీర్షిక పెట్టేవారు, ఫోటో ఎంచేవారు, ఏ ఊరికి విలేకరిని పంపాలో చెప్పేవారు ఆ ఇంటివారు. దళితులకు, ఆదివాసులకు, అత్యంత వెనుకబడిన కులాలకు తెలుగు అచ్చు ప్రపంచం ఇప్పటిదాకా ఇచ్చింది అతిథి మర్యాదే తప్ప ఇంట్లో వాటా కాదన్నది నా వాదన. ఆ వాటా సంగతి తేలాలంటే ముందు లెక్క తేలాలి.

ఈ లెక్క దేశంలో కొత్తది కాదు. దళిత పాత్రికేయుడొకరిని పరిచయం చేయమని అమెరికన్ పత్రికా విలేకరి కెన్నెత్ కూపర్ అడిగినప్పుడు, ముప్పయ్యేళ్ల వృత్తి జీవితంలో తనకు ఒక్కరూ తారసపడలేదని బి.ఎన్. ఉనియాల్‌కు తట్టింది. 1996లో ఆయన ‘పయొనీర్’ పత్రికలో ఆ సంగతే రాశారు. ఢిల్లీలో గుర్తింపు పొందిన 686 మంది విలేకరుల జాబితాను ఆయన తిరగేస్తే 454 మంది ఇంటిపేర్లే అగ్రకులాలను చెప్పాయి. మిగిలిన 232 మందిలో 47 మందికి ఫోన్ చేస్తే ఒక్క దళితుడూ దొరకలేదు. పదేళ్ల తర్వాత 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మాధ్యమాల్లో నిర్ణయాధికారం ఉన్న 315 మందిని పరిశీలించారు. వారిలో దళితులూ ఆదివాసులూ ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలకు 106 అగ్రకులాలవే. ఎస్సీ, ఎస్టీల సంఖ్య సున్నా. ఇవన్నీ హిందీ, ఇంగ్లిష్ మాధ్యమాల లెక్కలు. భారతీయ భాషా పత్రికల మీద 2000లో పెద్ద గ్రంథం వెలువరించిన రాబిన్ జెఫ్రీ మాత్రం తెలుగు నేలనూ, ముఖ్యంగా ‘ఈనాడు’ విస్తరణనూ దగ్గరగా చూసిన పరిశోధకుడు. దశాబ్దానికి పైగా సాగిన తన పరిశోధనలో ప్రధాన దినపత్రికలో పనిచేసే దళిత పాత్రికేయుడు తనకు ఎదురుపడలేదని ఆయన నమోదు చేశారు.

తెలుగులో పరిస్థితి ఇలా ఎందుకుందో చరిత్రే చెబుతుంది. 1902లో మచిలీపట్నంలో మొదలైన ‘కృష్ణాపత్రిక’, కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపిన ‘ఆంధ్రపత్రిక’ జాతీయోద్యమ కాలపు విద్యావంతుల పత్రికలు. ఆనాడు విద్యావంతులంటే ప్రధానంగా బ్రాహ్మణులు. ఆ తర్వాత పత్రిక నడపడానికి పాండిత్యం కన్నా పెట్టుబడి ముఖ్యమైంది. కాలువల కింద పండిన డెల్టా మిగులు సినిమాల్లోకి, చిట్‌ఫండ్లలోకి, ఆ దారిన పత్రికల్లోకి ప్రవహించింది. 1960లో విజయవాడలో ‘ఆంధ్రజ్యోతి’, 1974లో విశాఖపట్నంలో ‘ఈనాడు’ వచ్చాయి. 2008లో వచ్చిన ‘సాక్షి’తో రాజకీయ కుటుంబమే పత్రికాధిపతి అయింది. బ్రాహ్మణ సంపాదకుడి కాలం ముగిసి కమ్మ, రెడ్డి యజమాని కాలం మొదలైంది. ఈ మార్పును కొందరు ప్రజాస్వామికీకరణ అన్నారు. కులవ్యవస్థ పైమెట్ల మీద చోటుచేసుకున్న మార్పుగా అది నిజమే. ఆ పొలాల్లో నాట్లు వేసి కోతలు కోసిన కులాలకు మాత్రం ఆ మిగులులో వాటా రాలేదు, అందుకే పత్రికలోనూ రాలేదు.

దీనికి మినహాయింపు లేకపోలేదు. సీనియర్ దళిత నాయకుడు జి. వెంకటస్వామి కుటుంబం చేతిలో ‘వీ6’ చానెల్, ‘వెలుగు’ దినపత్రిక ఉన్నాయి. గని, పరిశ్రమ, రాజకీయం కలిసిన బలం వెనుక ఉంటే దళిత కుటుంబం కూడా మీడియా యాజమాన్యంలోకి రాగలదని అది చూపింది. అయితే లక్షలాది కుటుంబాల్లో ఒక్క కుటుంబానికి సాధ్యమైనదాన్ని ఒక సమూహపు వాటాగా లెక్కించలేం. పైగా యజమాని ఎవరన్న ప్రశ్న తీరినా వార్తాగదిలో ఎవరున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ గదికి దారి మండలం నుంచి మొదలవుతుంది. 1980ల చివర జిల్లా టాబ్లాయిడ్లు వచ్చాక పత్రికలకు ప్రతి మండలంలోనూ మనిషి కావలసి వచ్చాడు. అతడే కంట్రిబ్యూటర్. నియామక పత్రం ఉండదు, జీతం ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి లైన్ అకౌంట్ పేరిట చిన్న మొత్తం వస్తుంది. 1955లోనే వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చిన దేశంలో పత్రిక పునాది మొత్తం ఆ చట్టం నీడ పడని మనుషుల మీద నిలబడింది. పండుగకూ, నాయకుడి పుట్టినరోజుకూ ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా ఆ కంట్రిబ్యూటర్‌దే. మండల కేంద్రంలో ప్రకటన ఇవ్వగలిగినవారు ఎవరు? రైసుమిల్లు యజమాని, కాంట్రాక్టరు, ఎరువుల దుకాణదారు, ప్రైవేటు పాఠశాల యాజమాన్యం, సర్పంచి పదవి ఆశిస్తున్న పెద్దరైతు. వీరితో ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగగలిగిన యువకుడికి ఈ పని నడుస్తుంది. మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చినవాడు వారి గుమ్మం ముందు ప్రకటన కోసం నిలబడాలి. మరునాడు కూలి ఎగవేసిన కేసులోనో, గుడిలోకి రానివ్వని గొడవలోనో వారిమీదే వార్త రాయాలి. వాడకు రెండు ఎకరాలుండి, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఉంటే తప్ప కొన్నేళ్లు జీతం లేకుండా నిలదొక్కుకోవడం కష్టం. కంట్రిబ్యూటర్ స్థాయిలో దళితులు లేరని కాదు, చాలామందే ఉన్నారు. వారిలో స్టాఫ్ రిపోర్టర్లయ్యేది, బ్యూరోకు చేరేది, డెస్క్ ఇన్‌చార్జిలయ్యేది ఎందరన్నదే లెక్క తేలాల్సిన విషయం.

నా తరగతుల్లో చదివిన విద్యార్థుల్లో ఈ దారి పట్టినవారు కొందరున్నారు. ఎం.ఎ.లో మంచి మార్కులు, చేయి తిరిగిన తెలుగు, ఊరి మీద అంతులేని సమాచారం ఉన్నవాళ్లు. రెండుమూడేళ్లు ఆ పని చేసి, గురుకుల ఉపాధ్యాయ పరీక్షలకో, గ్రూప్ పరీక్షలకో వెళ్లిపోయారు. వారిని తప్పుపట్టలేను. మొదటి తరం చదువరి మీద కుటుంబం మొత్తం ఆధారపడి ఉంటుంది. రాజ్యాంగం రిజర్వేషన్ ఇచ్చిన చోటికి అతడు వెళతాడు. ఇవ్వని చోట ఆకలితో ఎదురుచూడలేడు. ‘దళిత అభ్యర్థులు దరఖాస్తు చేయడం లేదు’ అని వార్తా సంస్థలు చెప్పే మాటకు వెనకున్న ఆర్థిక శాస్త్రం ఇదే.

గదిలో ఎవరూ లేకపోతే ఏమవుతుంది? వార్త వ్యాకరణం మారిపోతుంది. దాడి జరిగిన ఊరి నుంచి వచ్చిన వార్త ‘ఇరువర్గాల మధ్య ఘర్షణ’ అవుతుంది. దెబ్బలు తిన్నవారి కులం శీర్షికలోనే ఉంటుంది: ‘దళిత యువకుడు’, ‘దళిత మహిళ’. కొట్టినవారి కులం దగ్గరకు వచ్చేసరికి కలం మర్యాద నేర్చుకుంటుంది: ‘మరో సామాజిక వర్గానికి చెందిన కొందరు’. బాధితుడికి కులం పేరు, దోషికి సామాజిక వర్గం అన్న ముసుగు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ని పెళ్లి చేసుకున్న నేరానికి పట్టపగలు నరికి చంపించారు. వార్తలు దానికి ‘పరువు హత్య’ అని పేరు పెట్టాయి. హంతకుడు తన చర్యకు చెప్పుకున్న కారణం వార్తాపరిభాషగా స్థిరపడింది. ఎవరి పరువు, దేనిలో ఉంది ఆ పరువు అని అడిగే మనిషి శీర్షిక పెట్టే బల్ల దగ్గర ఉంటే ఆ మాట అంత సులభంగా నిలిచేది కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించాక కూడా ఇదే చూశాం. విశ్వవిద్యాలయం ఏం చేసిందన్న ప్రశ్న పక్కకు జరిగి, అతడు నిజంగా దళితుడేనా అన్న ప్రశ్న రోజుల తరబడి తెరలను ఆక్రమించింది.

భాష సంగతీ ఇంతే. గిడుగు వారి ఉద్యమం తర్వాత పత్రికలు గ్రాంథికం వదిలి వ్యావహారికానికి వచ్చాయి గానీ, ఆ వ్యావహారికం ముందు ‘శిష్ట’ అన్న విశేషణం ఉండనే ఉంది. కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్న కులాల మాట ప్రమాణమైంది, తక్కినది యాస. వేముల ఎల్లయ్య ‘కక్క’ నవల మాదిగవాడ మాటలోనే నడిచింది. ఆ మాటను విశ్వవిద్యాలయాలు ఇవాళ పరిశోధనాంశం చేశాయి. అదే మాట మాట్లాడే కుర్రవాడు వార్త రాసి పంపితే డెస్క్ దాన్ని దిద్దాల్సిన తప్పుగా చూస్తుంది.

పెద్ద పత్రిక గుమ్మం తెరుచుకోనప్పుడు దళితులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1920 జనవరి 31న అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ ప్రారంభించినప్పుడు, సొమ్ము చెల్లిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి ‘కేసరి’ ఒప్పుకోలేదు. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలే దానికి ఊపిరి. మన దగ్గర 1917 బెజవాడ సభలో పంచములన్న పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్న ఉద్యమానికి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ, 1931లో హైదరాబాదు నుంచి ‘భాగ్యనగర్’ పత్రిక నడిపారు. రాజమండ్రిలో వైద్యుడు, కవి కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన తర్వాత దళిత మహాసభ పుట్టింది. 1989లో బొజ్జా తారకం సంపాదకత్వంలో ‘నలుపు’ పక్షపత్రిక వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ రోజుల్లో ‘ఏకలవ్య’, ‘ఎదురీత’ వంటి పత్రికలు వచ్చాయి. కారంచేడు, చుండూరులను తెలుగు ఆలోచనాపరులు కులం దృష్టితో చదవడం నేర్చుకున్నది చాలావరకు ఈ చిన్న పత్రికల వల్లనే.

ఇవేవీ దీర్ఘకాలం నిలవలేదు. పాఠకులు లేక కాదు. పత్రిక వెల కాగితం ఖర్చుకే సరిపోదు. ప్రకటన లేకుండా పత్రిక బతకదు. ప్రకటన ఇచ్చే వ్యాపారం దళితుల చేతిలో లేదు. తెలంగాణ అనుభవంతో పోల్చి చూస్తే ఇది స్పష్టమవుతుంది. తెలంగాణ మాటకు, తెలంగాణ మనిషికి పత్రికల్లో జరిగిన అవమానం కూడా నిజమే. ఆ అవమానం రాజకీయ శక్తిగా మారి, పెట్టుబడిని కూడగట్టుకుని 2011లో ‘నమస్తే తెలంగాణ’గా నిలబడింది. ప్రాంతం పొందిన అవమానానికి సొంత దినపత్రిక దొరికింది. కులం పొందిన అవమానానికి దొరకలేదు. ప్రాంతంలో కాంట్రాక్టరు ఉన్నాడు, భూస్వామి ఉన్నాడు, కాబోయే ప్రభుత్వం ఉంది. వెలివాడలో ఇవేవీ లేవు. అందుకే ‘మీ పత్రిక మీరే పెట్టుకోండి’ అన్న సలహా వినడానికి ఆత్మగౌరవంలా ఉన్నా, ఆచరణలో పెద్ద పత్రికల్లో వాటా అడగవద్దని చెప్పడమే.

పుస్తక ప్రచురణలో ఇదే కథ మరో రూపంలో సాగుతోంది. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకులుగా వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పింది. 2000లో జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవలను ప్రచురించింది విరసం. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనల సంకలనం ‘నల్లపొద్దు’ను తెచ్చింది హైదరాబాద్ బుక్ ట్రస్ట్. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల మాదిగ, మాదిగ ఉపకులాల స్త్రీల కథలను ‘నల్లరేగటి సాల్లు’గా తెచ్చారు. ఉద్యమ సంస్థలు, చిన్న ట్రస్టులు, రచయితల సొంత సొమ్ము: దళిత సాహిత్యాన్ని మోసిన భుజాలివి. ఆ తర్వాత ఇంగ్లిష్ ప్రచురణకర్తలు మేల్కొన్నారు. హార్పర్‌కాలిన్స్, ఆక్స్‌ఫర్డ్, ఓరియంట్ బ్లాక్‌స్వాన్ తెలుగు దళిత రచనల అనువాదాలను వేశాయి. అదే రచయిత తెలుగులో కొత్త పుస్తకం వేయాలంటే జీతంలోంచో అప్పుచేసో అయిదువందల ప్రతులు అచ్చు వేయించుకుని, విక్రయశాలలకు కమీషన్ మీద ఇచ్చి, లెక్క కోసం నెలల తరబడి ఎదురుచూస్తాడు. జీతం లేని రచయిత్రి, భూమి లేని కవి ఈ దారిలో మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోతారు.

ఒకప్పుడు గ్రంథాలయాల కొనుగోలు ఇలాంటి రచయితలకు కొంత ఆసరా. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. మాలపల్లెలో ఇంటివాడు కూడా ఆ పన్ను కడుతున్నాడు. స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయకపోవడం పాత జబ్బు. జమ అయినదానితో ఎవరి పుస్తకాలు కొంటున్నారో ప్రజలకు తెలియాలి.

పత్రికలు ప్రైవేటు సంస్థలు కదా, వాటిని లెక్క అడగడమేమిటని కొందరంటారు. ప్రభుత్వ ప్రకటనల రూపంలో ప్రజాధనం ఆ సంస్థలకు ఏటా అందుతోంది. అక్రెడిటేషన్ కార్డులను జారీచేసేది సమాచార, పౌరసంబంధాల శాఖే. ప్రజాధనం, ప్రభుత్వ గుర్తింపు తీసుకునే చోట ప్రజలకు లెక్క చెప్పడం అన్యాయం కాదు. ప్రతిభకు కులం ఉండదని మరికొందరంటారు. అలాగైతే లెక్క తీయడానికి భయమెందుకు? ప్రతిభ అన్ని కులాల్లోనూ సమానంగా ఉందని నమ్మేవారికి ఒకే కులాల మనుషులతో నిండిన గది ఆశ్చర్యం కలిగించాలి. అమెరికాలో 1968లో కెర్నర్ కమిషన్ పత్రికల తెల్లజాతి దృష్టిని తప్పుపట్టాక, పత్రికా సంపాదకుల సంఘమే 1978 నుంచి ఏటా వార్తాగదుల్లో జాతులవారీ లెక్క తీయడం మొదలుపెట్టింది. పెట్టుకున్న లక్ష్యం నెరవేరలేదు. అయినా ఎంత దూరంలో ఉన్నారో చెప్పే అంకె అందరి కళ్లముందూ ఉండేది. మన దగ్గర ఆ అంకె కూడా లేకుండా మర్యాదగా మాట్లాడుకుంటున్నాం.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. అక్రెడిటేషన్ దరఖాస్తులో స్వచ్ఛందంగా కులం, ఉపకులం, లింగం నమోదుచేసే గడి పెట్టి, పేర్లు లేకుండా మొత్తాలను ఏటా ప్రకటించవచ్చు. ఎస్సీ వర్గీకరణపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, దళితుల్లో ఎవరికి దక్కిందన్న ప్రశ్నను కూడా ఆ లెక్క దాటవేయకూడదు. నిర్ణీత పరిమాణానికి మించి ప్రభుత్వ ప్రకటనలు తీసుకునే సంస్థలు డెస్క్, బ్యూరో, సంపాదక స్థానాల సామాజిక వివరాలు వెల్లడించాలన్న షరతు పెట్టవచ్చు. కంట్రిబ్యూటర్‌కు నియామక పత్రం, కనీస వేతనం ఇచ్చి, ప్రకటనల వసూలు బాధ్యత నుంచి విముక్తి కలిగించాలి. అన్నిటికన్నా ముందు కావలసింది ఇదే. గ్రంథాలయాల కొనుగోలు జాబితాలను బహిరంగపరచి, మొదటి పుస్తకం వేసుకున్న ఎస్సీ, ఎస్టీ, సంచార కులాల రచయితలకు అందులో నిర్దిష్ట భాగం కేటాయించాలి.

విద్యార్థి సంఘాలు ప్రభుత్వం కదిలేదాకా ఆగనవసరం లేదు. ఉనియాల్ చేతిలో ఉన్నది ఒక జాబితా, ఒక ఫోనే. ప్రతి విశ్వవిద్యాలయంలోని జర్నలిజం, సామాజిక శాస్త్రాల విద్యార్థులు తమ జిల్లా బ్యూరోలు, డెస్కుల వరకు పద్ధతిగా, వ్యక్తుల గోప్యతకు భంగం లేకుండా సర్వే చేయగలరు. శాసనసభలో, సచివాలయంలో, విశ్వవిద్యాలయాల్లో ఎవరెందరని పత్రికలు అడుగుతున్నాయి, అడగాలి కూడా. అదే ప్రశ్న తమ గుమ్మంలోకి వచ్చినప్పుడు వారు తలుపు తీస్తారా లేదా అన్నదాన్ని బట్టే ఇన్నాళ్లూ రాసిన సామాజిక న్యాయపు సంపాదకీయాల విలువ తేలుతుంది.